చూపు తగ్గిన సెమిస్టర్

ఫోనులో అక్షరాలు బొటనవేలంత పెద్దవి చేసుకుని ఇది రాస్తున్నాను. తెర మీద ఒకసారికి నాలుగైదు మాటలే పడతాయి కాబట్టి ముందేం రాశానో వెనక్కి వెళ్ళి చూసుకోవడం కష్టం. చెప్పిందే మళ్ళీ చెప్తే ఓర్చుకోండి. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్తున్నదాన్ని, ఆ అలవాటు ఎలాగూ ఉంది.

రాయడానికి రెండు కారణాలు. ఒకటి, నేను చేసిన ఆలస్యం ఇంకెవరూ చేయకూడదని. రెండోది, మా కాలేజీలో ఇద్దరు విద్యార్థులు, ఒక ఉద్యోగిని నాకు నేర్పినదాన్ని ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే నా మనసు ఊరుకోదు.

మాది ప్రొద్దుటూరు. పన్నెండేళ్ళుగా మస్కట్‌లో ఉంటున్నాం. ఇల్లు అల్ ఖౌద్‌లో. నేను స్టాటిస్టిక్స్ చెప్పే ప్రైవేటు కాలేజీ అక్కడికి దగ్గరే. మా ఆయన సుధాకర్ అల్ ఖువైర్‌లో ఏసీల కంపెనీలో పనిచేస్తాడు. నాకు ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ పేరుకే ఉంది. ఆకారాలు తెలుస్తాయిగానీ మొహాలు తెలియవు. నా చదువూ ఉద్యోగమూ అన్నీ కుడికంటి మీదే నడిచాయి.

సెప్టెంబరు

సెమిస్టర్ మొదలైన వారం నేనొక చట్టం చేశాను. ఇక్కడి పిల్లలు క్లాసులోకి ఎప్పుడొచ్చినా గుమ్మంలో నిలబడి "అస్సలాము అలైకుమ్" అంటారు. లోపలున్నవాళ్ళంతా బదులు చెప్తారు. మంచి మర్యాదే, కాదనను. కానీ ఎనిమిది గంటల క్లాసుకు పదిమంది తలో నిమిషం తేడాతో వస్తే పాఠం పదిసార్లు ఆగుతుంది. "ఆలస్యంగా వచ్చినవాళ్ళు నోరు మెదపకుండా కూర్చోండి, సలాం క్లాసయ్యాక చెప్పండి" అన్నాను. పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. వారం తిరిగేసరికి పిల్లుల్లా వచ్చి కూర్చోవడం నేర్చుకున్నారు. క్లాసును దారిలో పెట్టానని స్టాఫ్‌రూములో గొప్పగా చెప్పుకున్నాను.

ఆ క్లాసులో హిలాల్ ఉన్నాడు. రుస్తాక్ అనే ఊరి నుంచి వచ్చి అన్నతో కలిసి అల్ ఖౌద్‌లో ఉంటున్నాడు. పుట్టుకతోనే చూపు లేదు. తలుపు పక్క కుర్చీలో మర్వా కూర్చునేది. ఆమెకు ఉన్నట్టుండి గుండెదడ పట్టుకుంటుంది, ఊపిరి అందదు, నోట మాట రాదు. ఇద్దరి గురించీ బద్రియా నాకు చెరొక కాగితం పంపింది. బద్రియా ఒమానీ ఆవిడ. జిరాక్స్ మెషీన్ పక్కనున్న చిన్న గదిలో కూర్చుంటుంది. వైకల్యం ఉన్న పిల్లలకూ, మనసు బాగుండని పిల్లలకూ క్లాసులో ఏం కావాలో చూసే మనిషి మా కాలేజీ మొత్తానికి ఆవిడొక్కతే.

హిలాల్ కాగితంలో, పరీక్షలో అదనపు సమయం ఇవ్వాలని, ముందు వరుసలో కూర్చోబెట్టాలని, ఫోను చదివి వినిపించగలిగేలా పాఠాలు ముందే పంపాలని ఉంది. మర్వాకు బాగోలేని రోజు నీలం రంగు నీళ్ళ సీసా బల్ల మీద పెడుతుందట. అది కనిపిస్తే ఆమెను ఏమీ అడగకూడదు, బయటికి వెళ్తే ఆపకూడదు. నేను రెండింటి మీదా సంతకం పెట్టి తుచ తప్పకుండా పాటించాను. పైగా నా దయ కూడా కాస్త కలిపాను. గ్రాఫులున్న ప్రశ్నలు హిలాల్ ఎలా చేస్తాడులే పాపం అని వాటికి పూర్తి మార్కులు వేసేశాను.

అతను క్లాసయ్యాక నా బల్ల దగ్గరికొచ్చాడు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనూ కాస్త అరబీలోనూ సాగుతాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"మిస్, నేను చేయని లెక్కకు మార్కులెందుకు వేశారు?"

"నీకు ఇబ్బంది ఉండకూడదని."

"నన్ను అడిగి చూడండి. రాకపోతే సున్నా వేయండి."

నాకు ఒళ్ళు మండింది. మార్కులు తగ్గాయని పోట్లాడేవాళ్ళను చూశానుగానీ ఎక్కువయ్యాయని వచ్చేవాళ్ళను చూడలేదు. మంచికి పోతే ఇలాగే ఉంటుందనుకుని ఊరుకున్నాను.

అక్టోబరు

మొదట నల్లటి ఈగలు కనిపించాయి. తెల్లగోడ వైపు చూస్తే చాలు, కుడికంటి ముందు ఐదారు తిరిగేవి. అది మిడ్‌టర్మ్ మార్కులు అప్పగించే వారం. నిద్ర చాలక అనుకున్నాను. నాలుగు రోజులు ఈగలతోనే పేపర్లు దిద్దాను. ఐదో రోజు పొద్దున పాఠం చెప్తుండగా పక్కనుంచి చీకటి తెర ఒకటి అడ్డంగా జరుగుతూ వచ్చింది. బోర్డు మీద నేను రాసిన వాక్యంలో సగం లేదు.

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. కంట్లో అలాంటి తెర కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పేపర్లు ఎక్కడికీ పోవు.

ఆసుపత్రిలో టోకెన్ ఇచ్చారు. గోడ మీద ఎర్ర అంకెలు మారుతున్నట్టు తెలుస్తోంది, ఏ అంకెలో తెలియడం లేదు. సుధాకర్ ఫీజు కట్టడానికి వెళ్ళాడు. పక్క కుర్చీలో ఒక ఒమానీ ముసలమ్మ, కంటికి కట్టుతో, కూతురిని వెంటబెట్టుకుని కూర్చుంది. నేను మెడ సాచి గోడ వైపు చూడటం ఆమె ఎలా కనిపెట్టిందో, నా చెయ్యి పట్టుకుని "యా బిన్తీ" అంది. అమ్మాయీ అని. నా టోకెన్ తీసుకుని కూతురి చేతిలో పెట్టి, మా ఇద్దరి నంబర్లూ చూస్తూ ఉండమంది. నా పేరు అడగలేదు. పిలిచేదాకా చెయ్యి వదల్లేదు.

రెటీనా ఊడిందన్నారు. మర్నాడే ఆపరేషన్ చేశారు. కంట్లో గ్యాసు బుడగ పెట్టారు, అది రెటీనాను అదిమి పట్టుకోవాలి కాబట్టి పది రోజులు తల వంచుకునే ఉండాలి. తినడం, పడుకోవడం, మాట్లాడటం అన్నీ నేలను చూస్తూనే. గ్యాసు కరిగేదాకా విమానం ఎక్కకూడదు. ఈ చివరి మాట మా అన్నకు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆయన అప్పటికే హైదరాబాదులో పెద్ద డాక్టరుతో మాట్లాడేసి "రాత్రి ఫ్లైటుకు పంపించు బావా" అని సుధాకర్ మీద కేకలు వేస్తున్నాడు. పైకి వెళ్తే కంట్లో బుడగ ఉబ్బి ఉన్న చూపూ పోతుందని అర్థమయ్యాక ఫోనులో ఏడ్చాడు.

కింది అంతస్తులో మాకు ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళ దగ్గర రాయచోటి రమణమ్మ పనిచేస్తుంది. మధ్యాహ్నం ఆమెకు గంటసేపు విరామం. ఆ గంటా పైకొచ్చి నా కంట్లో చుక్కలు వేసి, తల దువ్వి పోయేది.

"తల ఎత్తగాకండి మేడమ్. అట్లే ఉండండి, నేను దువ్వుతా గదా."

"పది దినాలు ఇట్లే ఉండాల్నంట రమణమ్మా."

"పది దినాలేం లెక్క మేడమ్. నేనొచ్చి రెండేండ్లాయ. మా పిల్లోల్ల మొగాలు ఫోన్లోనే చూస్తాండా."

ఆ తర్వాత ఆమె ముందు నేను రోజులు లెక్కపెట్టలేదు.

సుధాకర్ నాలుగు రోజులు బాగానే ఓర్చుకున్నాడు. ఐదో రోజు నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఈ సెమిస్టర్ కాంగానే మానేయి. ఊరికి పోదాం."

"మానేసి ఏం చెయ్యాల?"

"కండ్లు కాపాడుకోవాల."

"కండ్లు సరిగా లేనోల్లు పని చెయ్యరా?"

"నీకు ఏం చెప్పినా వాదనే" అని గట్టిగా అరిచాడు. నాకు ఆయన పాదాలే కనిపిస్తున్నాయి. కుడికాలి బొటనవేలితో కార్పెట్‌ను పొడుస్తున్నాడు. అది కోపం కాదు, భయం. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన మొహం చూస్తూ కూడా నేనంత త్వరగా కనిపెట్టింది లేదు.

ఏడో రోజు శనివారం. బద్రియా ఫోన్ చేసి, పిల్లలు చూడ్డానికి వస్తామంటున్నారని చెప్పింది. జబ్బుపడ్డవాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చోవడం ఇక్కడ తప్పనిసరి మర్యాద, వద్దంటే బాగుండదు. "నేను మొహం కూడా ఎత్తలేను" అన్నాను. "మొహం చూడ్డానికి కాదులే" అంది.

ఐదుగురు అమ్మాయిలు, హిలాల్, అతని అన్న, బద్రియా వచ్చారు. ఫ్లాస్కులో కహ్వా అనే ఇక్కడి కాఫీ, ఖర్జూరాలు, బుట్టెడు పళ్ళు తెచ్చారు. నేను హాల్లో బల్లకు నుదురు ఆనించి కూర్చుని ఉన్నాను. ఒక్కొక్కరే గుమ్మంలో నిలబడి సలాం చెప్పారు, అప్పటికే లోపలున్నవాళ్ళు బదులిచ్చారు. కూర్చున్నాక ఇక్కడి పద్ధతి ప్రకారం ఏం సంగతులని ఒకరు, అంతా మంచేనని ఒకరు, అందరూ ఒక చుట్టు తిరిగారు. అది ముగిసేసరికి తల ఎత్తకుండానే నాకు గది మొత్తం తెలిసిపోయింది. సోఫాలో అమ్మాయిలు. తలుపు వైపు బద్రియా. కింద కార్పెట్ మీద హిలాల్, అతని ఎడమపక్క అన్న.

"హిలాల్, నువ్వు నాకు సరిగ్గా ఎదురుగా కూర్చున్నావు కదూ" అన్నాను.

"అవును మిస్. ఎలా తెలిసింది?"

"నీ గొంతు అటునుంచి వచ్చింది."

"మిగతా క్లాసుల్లో నాకూ అలాగే తెలుస్తుంది" అన్నాడు. "ఎవరొచ్చారు, ఎక్కడ కూర్చున్నారు, ఎవరు రాలేదు, అన్నీ సలాంతోనే. మీ క్లాసులో మాత్రం నా పక్కన మనిషి ఉన్నాడో లేదో కూడా తెలియదు."

తల ఎత్తకూడదన్న డాక్టరుకు మనసులో దండం పెట్టుకున్నాను. ఆ క్షణంలో నా మొహం ఎవరికీ చూపించలేకపోయేదాన్ని.

"మరి చెప్పలేదేం నాకు?"

"కాగితంలో లేదు కదా మిస్. సలాం కావాలని ఎవరైనా రాస్తారా? మీరు ఆపేదాకా అది నాకు కావాలని నాకే తెలియదు."

"నేనూ అడగలేదు" అంది తలుపు దగ్గర నుంచి బద్రియా. "అతనికి ఏం లేదో అడిగి రాసుకున్నాను. ఏం ఉందో అడగలేదు." తప్పు నాదైతే, ఆవిడ వచ్చి అందులో తన వాటా తీసుకుంది. ఆ ఇంగితం నాకు లేదని ఒప్పుకుంటాను.

కహ్వా పోశారు. తల వంచుకుని చిన్న కప్పుతో తాగడం నా వల్ల కాలేదు. బద్రియా లేచి వంటింట్లోంచి స్ట్రా వెతికి తెచ్చింది. "కహ్వాను స్ట్రాతో తాగారని మా నాన్నకు చెప్తే ఈ ఇంటికి మళ్ళీ రానివ్వడు" అన్నాడు హిలాల్ అన్న. వారం తర్వాత మొదటిసారి నవ్వాను.

నవంబరు

రెటీనా అతుక్కుందన్నారు. చూపు మాత్రం నీళ్ళలోంచి చూస్తున్నట్టే ఉంది, కింది సగంలో బుడగ ఊగుతోంది. ముందు వరుసలో మొహాలు మరకల్లా, ఆ వెనక ఏమీ లేనట్టు. గ్యాసు పోయాక మెరుగవుతుంది కానీ మునుపటిలా రాదని డాక్టరు ముందే చెప్పేశాడు.

సెలవు అయిపోయింది. డిసెంబరులో నా కాంట్రాక్టు మళ్ళీ రాయాలి. అది పోతే ఉద్యోగమూ పోతుంది, ఇంతకుముందు చూపు బాగున్నప్పుడే దొరకని ఉద్యోగం ఈ కళ్ళతో ఇంకెక్కడా దొరకదు. బయట పనిచేసేవాళ్ళందరికీ తెలిసిన భయమే ఇది. షుగరున్నా నడుము నొప్పున్నా కంపెనీకి తెలియనివ్వం. మేమూ అలాగే తీర్మానించుకున్నాం. ఆపరేషన్ బాగా జరిగింది, అంతా కనిపిస్తోంది, అంతే. సుధాకర్ సాయంత్రాలు కారులోనే పాఠాలు చదివి వినిపించాడు. స్లైడు తర్వాత స్లైడు కంఠతా పట్టాను. తలుపు నుంచి బల్లకు పదకొండు అడుగులు, బల్ల నుంచి బోర్డుకు మూడు.

వెళ్ళిన రోజే సలాం మీద నిషేధం ఎత్తేశాను. క్లాసు చప్పట్లు కొట్టింది. వారం రోజులు ఎవరికీ అనుమానం రాలేదు. నేను ఇంత తెలివైనదాన్నా అని మురిసిపోయాను కూడా.

రెండో వారంలో హాజరు పట్టీ వరసలో ప్రశ్నలడుగుతూ వచ్చాను. "మర్వా, తర్వాత మెట్టు ఏమిటి?" జవాబు లేదు. జవాబు తెలియక బిడియపడుతోందనుకుని "తప్పయినా పర్లేదు, చెప్పు" అన్నాను. మళ్ళీ అడిగాను. ధైర్యం చెబుదామని నవ్వుతూ ఆమె వైపు నాలుగడుగులు వేశాను. కుర్చీ నేల మీద బరబరా జరిగింది. తలుపు విసురుగా మూసుకుంది.

"మిస్," అన్నాడు హిలాల్ మెల్లగా, "మర్వా ఏడుస్తూ వెళ్ళింది." చూపు లేని విద్యార్థి నాకు చూసి చెప్పాల్సి వచ్చింది. ఇంకో అమ్మాయి, "సీసా బల్ల మీదే ఉంది మిస్" అంది. "చూసుకోలేదు" అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు.

కారెక్కాక ఏడుపు ఆగలేదు. సుధాకర్ బండి పక్కకు తీసి ఆపాడు. సంగతంతా చెప్పాను. "నా ఉద్యోగం నిలబెట్టుకునేదానికి ఆ పిల్లను అందరి ముందర నిలబెట్టినా" అన్నాను.

సుధాకర్ స్టీరింగ్ మీద వేళ్ళతో తట్టాడు. "పోయి చెప్పుకుందాం పా. నేనూ వస్తా."

"కాంట్రాక్టు?"

"పోతే పోనీలే. అట్లా ఉద్యోగం మనకెందుకు?" మానేయమన్నప్పటి గొంతు కాదది.

మర్నాడు బద్రియా నా మాటలన్నీ విని, విద్యార్థులకిచ్చే ఫారం ఒకటి తీసింది. అధ్యాపకులకు వేరే ఫారం లేదు. "విద్యార్థి" అన్నచోట గీత కొట్టి "అధ్యాపకురాలు" అని రాసి, "మీకు ఏం కావాలి?" అంది. ఇన్నేళ్ళుగా అందరికీ ఏం కావాలో తెలిసినదాన్ని, "తెలియదు" అన్నాను. "మంచిది, అయితే ఖాళీగా ఉంచుదాం. క్లాసును అడుగుదాం" అంది. తర్వాత నన్ను మా విభాగం అధిపతి దగ్గరికి తనే తీసుకెళ్ళింది. ఆయన కఠినంగా మాట్లాడలేదు, మాటా ఇవ్వలేదు. ఒకసారి క్లాసులో కూర్చుని చూశాకే కాంట్రాక్టు సంగతి అన్నాడు.

మర్వాను ఆ చిన్న గదిలోనే కలిశాను. క్షమాపణ చెప్పాను. సీసా ఏ రంగుదైనా నాకు కనిపించదని చెప్పాను. చిన్న గంటలాంటిది పెట్టుకుంటావా అని బద్రియా అడిగితే, "అందరూ నా వైపే చూస్తారు" అంది. ఆ తర్వాత, "బాగోలేని రోజు నేనే చెప్తాను మిస్" అంది.

"ఆ సమయంలో నీకు మాట రాదు కదా?" అంది బద్రియా.

"రెండు మాటలే కదా. ప్రయత్నిస్తాను. రాకపోతే, మిస్, మీరు మూడు లెక్కపెట్టి ఇంకొకరిని అడగండి."

తనను ఏడిపించిన టీచరు కోసం ఆ పిల్ల తనకు అన్నిటికన్నా కష్టమైన పనిని ఎంచుకుంది.

డిసెంబరు

క్లాసుకు నిజం చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది, అందుకు గుండె చిక్కబట్టుకోవడానికి రెండు రోజులు. వాళ్ళు పెద్దగా ఆశ్చర్యపోలేదు. చెయ్యెత్తడం మానేసి పేరు చెప్పి మాట్లాడటం మొదలుపెట్టారు. బోర్డు మీద నా వరసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కితే ఎవరో ఒకరు "మిస్, కిందికి" అనేవారు. ఖాళీగా ఉంచిన ఫారం వాళ్ళే నింపారు.

బద్రియా మత్రా సూక్‌కు, అంటే అక్కడి పాత బజారుకు వెళ్ళి, ఆడవాళ్ళ బట్టల అంచులకు కుట్టే తాళ్ళూ జరీ అల్లికలూ సంచెడు తెచ్చింది. వాటిని అట్టల మీద అంటించి గ్రాఫులు చేసింది. లావు తాడు గీత, సన్న అల్లిక అక్షాలు, పూసలు బిందువులు. హిలాల్ వేళ్ళతో తడిమి, "మిస్, ఈ కొండ కుడివైపుకు ఎక్కువ సాగింది" అన్నాడు. నేనూ తడిమి చూశాను, నిజమే. ఇన్నేళ్ళుగా నేను గీసిన వంపు ఎక్కడ ఎంత వాలుతుందో చేతికి మొదటిసారి తెలిసింది. ఆ అట్టలతో పెట్టిన పరీక్షలో హిలాల్‌కు పదికి ఆరు వచ్చాయి. అర మార్కు కోసం ఇరవై నిమిషాలు పోట్లాడాడు. నేను వేయలేదు.

కాంట్రాక్టు సంగతి ముందే చెప్పేస్తాను, మీరు దాని కోసం ఎదురుచూడక్కర్లేదు. ఎప్పుడూ రెండేళ్ళకు రాసేవాళ్ళు, ఈసారి ఒక ఏడాదికి రాశారు. గ్యాసు కరిగిపోయింది. పెద్ద అక్షరాలు చదవగలను, కారు నడపలేను. వచ్చే ఏడాది ఏమవుతుందో నాకు తెలియదు. నేను చెప్పాలనుకున్నది ఆ కాగితం రాకముందు, అధిపతి వెనక వరుసలో కూర్చున్న రోజు జరిగింది.

ఆయన ఉన్నాడన్న కంగారులో హాజరు పట్టీ వరసలోనే పోతున్నాను. సగం క్లాసు అయింది. నోరు జారి "మర్వా, ఈ విలువ ఎంత?" అన్నాను. అన్నాక మా ఒప్పందం గుర్తొచ్చింది. జవాబు లేదు. వెనక ఆయన కలం కాగితం మీద గీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. టీచరు అడిగిన ప్రశ్నకు విద్యార్థి పలకలేదని రాసుకుంటున్నాడేమో. ఇంకోసారి మెత్తగా అడిగితే బాగుంటుందని నాలోని పాత మనిషి చెప్పింది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి. రెండు.

"ఈరోజు వద్దు, మిస్."

తలుపు దగ్గర నుంచి వచ్చింది. వణుకుతూనే వచ్చింది, కానీ చివరి బెంచీ దాకా వినిపించింది.

"సరే మర్వా" అని, తర్వాతి పేరు పిలిచాను.